కొత్త పోలీసుకు పాత పేరు

పోయిన వారం మార్లిస్‌ని ఒలింకా గుమ్మం ముందు, చేతుల్లో బొచ్చు పార్కా కోటుతో నిలబెట్టి వదిలేశాం. పాపం వారమంతా ఆ తడిగాలిలో నిలబడే ఉంది. తలుపు తీస్తుందనుకున్న ముసలావిడ తియ్యలేదు. తీసింది ఆవిడ కోడలు ఒలింకా. చలికాలమంతా మార్లిస్‌తో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, ఆ రోజు నోరు తెరిచి "వచ్చావా?" అంది. పొద్దుపోయి ఇల్లు చేరిన మొగుణ్ణి పెళ్ళాం అడుగుతుందే, సరిగ్గా అలాగే అడిగింది.

లోపలికి రానిచ్చే ముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. ఉత్తరాన మంచు నేల మీది మా కిక్తాలెక్‌కి రోడ్డు లేదు. చలికాలం గడ్డకట్టిన నదే మాకు రోడ్డు. ఊరికి పోలీసు ఒక్కడే. అతని జీతం, అతనుండే ఇల్లు, భుజానికి తగిలించుకునే రేడియో, అన్నీ రాష్ట్రం ఇచ్చే గ్రాంటు మీద నడుస్తాయి. అత్సాక్ అని మా ఊరివాడే, ఒలింకా మొగుడే, ఆ పని చేసేవాడు. ఒక చలికాలం మొదట్లో నది మీది మంచుగడ్డ విరిగి అందులో పడిపోయాడు. మనిషి దొరకలేదు.

ఆ తర్వాత గ్రాంటువాళ్ళు వెతికి వెతికి పంపినవాళ్ళలో ఒకడు ఇంట్లో కుళాయి లేదని వెళ్ళిపోయాడు, ఇంకొకడు ఎండ లేదని వెళ్ళిపోయాడు, వేరొకడు ఏ కారణమూ చెప్పకుండానే విమానమెక్కాడు. పోలీసు లేని ఆ రోజుల్లో ఒకసారి ఒక మనిషి తాగి, తుపాకీ పట్టుకుని బడి మెట్ల మీద కూర్చున్నాడు. పొగమంచు విడిచి పట్నం నుంచి పోలీసుల విమానం వచ్చేదాకా పిల్లలు పగలంతా బల్లల కింద పడుకున్నారు. ఆ పగలు చూసినవాళ్ళెవరూ ఊళ్ళో పోలీసు లేకపోతే ఏం కొంప మునుగుతుందని అడగరు.

అప్పుడొచ్చింది మార్లిస్. ఉత్తర డకోటాలో గోధుమ పొలాల మధ్య పెరిగిన మనిషి. వచ్చిన మొదటి ఆదివారమే అత్సాక్ తల్లి అగ్రఫేనా, అంటే ఆ ముసలావిడే, ఆమెను కూర్చోబెట్టి, నెత్తిన నాలుగు నీటిచుక్కలు చల్లి, "నువ్వు అత్సాక్‌వి" అనేసింది. పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెట్టుకుంటాం మేం. పేరుతో పాటు మనిషీ వస్తాడు. ఆ పేరుగలవాళ్ళకి తిండి పెడితే పోయినవాడు తిన్నట్టు, బట్ట కప్పితే వాడికి చలి ఆగినట్టు, నీళ్ళిస్తే వాడి దాహం తీరినట్టు. పేరుకి ఆడా మగా తేడా లేదు. తన వంశంలో బిడ్డ పుడుతుందేమోనని ముసలావిడ చూసి చూసి ఇంక ఆగలేకపోయింది. కొడుకు కోసం కుట్టి దాచిన పార్కా తీసి మార్లిస్ భుజాల మీద కప్పింది.

ఇంక చూసుకోండి, మర్నాటికల్లా ఊరు ఊరంతా ఆమెతో వరస కలిపేసింది. అత్సాక్ మేనత్త కొడుకు మక్సిం వేళాకోళానికే పుట్టినవాడు. నది మీద మంచుబండి ఆపి మరీ అడిగాడు: "ఏం బావా, ఈసారి ఆడదానివై వచ్చావేంటి? గడ్డం గీసుకునే ఓపిక లేకనా?"

మొదట్లో మార్లిస్ నవ్వింది. తర్వాత తర్వాత నవ్వడం మానేసింది. నిద్రలో దాహంతో లేచేది. ఎన్ని నీళ్ళు తాగినా గొంతులో మంట చల్లారేది కాదు. పొయ్యి పక్కన ఆరబెట్టిన మేజోళ్ళు పొద్దున్నకి మళ్ళీ తడిగా ఉండేవి. అదంతా ఎలాగో సర్దుకుంది. కానీ ఒకరోజు దుకాణంలో వెనకనుంచి ఎవరో "మార్లిస్" అని పిలిస్తే వినిపించుకోలేదు, "అత్సాక్" అంటే తిరిగి చూసింది. ఆ రోజు ఆమెకి నిజంగా భయం పట్టుకుంది.

ఇవాళ గ్రాంటాయన టర్న్‌బో విమానంలో వస్తున్నాడు. ఇంకో రెండేళ్ళు ఉంటానని మార్లిస్ సంతకం పెడితే మా ఊరికి పోలీసు ఉన్నట్టు. పెట్టకపోతే ఆ గ్రాంటు నది దిగువన ఇంకో ఊరికి పోతుంది, మళ్ళీ మాకెప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మార్లిస్ సామాను సర్దేసింది. ముసలావిడ పార్కా ముసలావిడకి ఇచ్చేసి, ఆ వచ్చిన విమానంలోనే వెళ్ళిపోదామని బయల్దేరింది. ఇదీ సంగతి. ఇంక లోపలికి రానిద్దాం.

* * *

వంటిల్లు వెచ్చగా, ఆవిరిగా ఉంది. మూలన పీపాలో నది గడ్డ కరుగుతోంది. బల్లకి ఆనుకుని గోడ మీద, అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో. మా ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఒకటి ఉంటుంది, అన్నీ ఒకే చానెల్ మీద పగలంతా మోగుతుంటాయి. ఎవరికి చేపలు పడ్డాయో, ఎవరి కుక్క తప్పిపోయిందో, ఎవరింట టీ కాగుతోందో అన్నీ అందులోనే. ఒలింకా రేడియోకున్న మైకు తీగతో సహా బల్ల మీద, టీ కప్పు పక్కన పడి ఉంది.

"అత్త లేదు," అంది ఒలింకా. "పొద్దున్నే బండేసుకుని విమానాల మైదానానికి పోయింది. గ్రాంటాయన కాళ్ళావేళ్ళా పడుతుందట."

"నది దాటా? ఇంత నీళ్ళు ఊరుతుంటేనా?"

"ఆవిడకి చెప్పగలిగినవాళ్ళెవరు? రేడియో అన్నా పట్టుకెళ్ళమంటే బరువంది. చినమామ దారిలో గుంట చుట్టూ కొమ్మలు పాతాడులే, చూసుకుని పోతుంది."

చెట్టన్నది లేని నేల మాది. ఎవాన్, అంటే అత్సాక్ బాబాయ్, ఒలింకాకి చినమామ, ఎక్కడో దూరాన విల్లో కొమ్మలు కొట్టుకొచ్చి నది మీద పాతుతాడు. గడ్డ ఎక్కడ పలచబడితే అక్కడ చుట్టూ కొమ్మలు. కొమ్మలుంటే అటు పోకూడదు. కొమ్మలు లేని చోట గడ్డ గట్టిదని అర్థం. మా పిల్లలకి అక్షరాలకంటే ముందు నేర్పేది ఇదే.

మార్లిస్ పార్కాని బల్ల మీద పరిచింది. తోడేలు బొచ్చు అంచుతో, ఇంత బరువు. దాని మీద పోలీసు ఇంటి తాళాలూ, గ్రాంటు ఇచ్చిన లావుపాటి టార్చీ పెట్టింది. ఒలింకా గబుక్కున దాని కిందనుంచి టీ కప్పు లాగింది. కప్పే లాగింది, మైకు సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"తాళాలు ఎవాన్‌కి ఇవ్వండి. పార్కా ఆవిడకి. ఇది నాది కాదు."

"మరెవరిది?"

"మీ ఆయనది."

మార్లిస్ చేతి తొడుగులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, ప్రతి ఇంట్లోనూ అడిగే మాటే అడిగింది.

"ఏమైనా ఉందా?"

ఒలింకా చేతిలో కప్పు ఒలికింది. వెనకాల కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చుంది. అదృష్టం, కుర్చీ ఉంది.

"ఇంకోసారి అను."

"ఏంటి?"

"ఇప్పుడన్నది."

"ఏమైనా ఉందా అన్నాను. నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందేమోనని వెళ్ళేటప్పుడు అందరినీ అడుగుతాను. పోలీసు అలవాటు."

"ఆ గుమ్మంలోనే నిలబడి అడిగావు. ఒక చెయ్యి తలుపు మీద పెట్టుకుని, ఇదిగో ఇలాగే."

"ఎవరు?"

"నువ్వు."

మార్లిస్‌కి ఒళ్ళు మండింది. చలికాలమంతా దిగమింగుకున్న కోపం ఒక్కసారి పైకొచ్చింది.

"మీరు కూడానా? ఈ ఊళ్ళో అందరికీ నేను ఎవరో ఒకరిని. ఒకరికి కొడుకుని, ఒకరికి బావని, ఒకరికి తమ్ముణ్ణి. మీరొక్కరే నన్ను ఆ పేరుతో పిలవలేదు. ఒలింకాకి నేనంటే పడదు, పడకపోతే పోయింది, కనీసం ఆవిడకి పడనిది నేనే కదా అనుకునేదాన్ని. మార్లిస్‌ని చూసి మార్లిస్‌ని ద్వేషించే మనిషి ఒక్కరున్నారని ధైర్యంగా ఉండేది!"

"నువ్వంటే ద్వేషమా నాకు?" అంది ఒలింకా. "దుకాణంలో నువ్వుంటే నువ్వు పోయేదాకా బయట చలిలో నిలబడ్డాను. చర్చిలో నువ్వు ఒక పక్కనుంటే నేను ఇంకో పక్కకి పోయాను. నీ మొహం చూస్తే అడుగుతావని."

"ఏం అడుగుతానని?"

"ఆ రోజు ఎందుకు చెప్పలేదని."

కిటికీ అద్దం సన్నగా వణికింది. విమానం మైదానం మీదకి దిగుతోంది. మార్లిస్ ఆ చప్పుడు విన్నది. ఇప్పుడు బయల్దేరితే అందుతుందని తెలుసు. తలుపు మీదనుంచి చెయ్యి తియ్యలేదు, అలాగని తలుపూ తియ్యలేదు.

"ఏం చెప్పలేదు?" అని అడిగింది.

"కూర్చో. నిలబడి అడిగితే చెప్పలేను. ఆ రోజూ నిలబడే అడిగావు."

మార్లిస్ వచ్చి బల్లకి ఇవతల కూర్చుంది. ఇద్దరి మధ్యా పార్కా, మూడో మనిషి చేతులు చాపుకుని బల్ల మీద పడుకున్నట్టు.

"నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టొచ్చావు," అని మొదలుపెట్టింది ఒలింకా. పార్కా వైపు చూస్తూ చెప్పింది, మధ్యమధ్యన మార్లిస్ వైపు చూస్తూ చెప్పింది. "ఉన్నవాడు పారిపోకుండా గ్రాంటువాళ్ళు పెట్టించుకునే సంతకం. ఇంకో రెండేళ్ళు. నన్నొక్క మాట అడిగావా? పట్నంలో చెల్లెలి దగ్గరికి పోయి బతుకుదామని నేనెంత ఏడ్చాను? నువ్వు మా అన్నని పట్టుకెళ్ళి గదిలో వేసి తాళం పెడితే, మా వదిన నాకు చేప ముక్క పంపడం మానేసింది. బాప్తిస్మం విందులకి ఊరంతటినీ పిలిచి నన్ను వదిలేశారు. పోలీసువి నువ్వు, శాపనార్థాలు నాకు. నిన్ను నిలబెట్టుకోడానికి రాష్ట్రం నీకు గ్రాంటు ఇచ్చింది. నన్ను నిలబెట్టుకోడానికి నాకెవరేమిచ్చారు?"

నేను ఆయన్ని కాదు అని మార్లిస్ అనబోయింది. ఎదురుగా ఉన్న మనిషి ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువు దించుకుంటుంటే మధ్యలో చెయ్యి అడ్డం పెట్టడానికి మనసొప్పలేదు.

"అలిగాను. నీతో మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టాను, బట్టలుతికాను, నోరు మాత్రం విప్పలేదు. ఆ పొద్దున చినమామ రేడియోలో చెప్పాడు. బడి దగ్గర, పిల్లలు దాటే చోట నది కొత్తగా తెరుచుకుందన్నాడు. చేతిలో కొమ్మల్లేవు, పిల్లలేమో వచ్చేస్తున్నారు. అందుకని కింది వంపులో గుంట చుట్టూ ఉన్నవి పీక్కొచ్చి ఇక్కడ పాతానన్నాడు. కొత్తవి కొట్టుకొచ్చేదాకా కింది వంపు వైపు ఎవరూ పోకండన్నాడు. విన్నాం, విన్నాం అని ఇంటింటినుంచీ పలికారు. నేనూ పలికాను."

"మరి ఆయన వినలేదా?"

"నువ్వు అప్పుడు డ్యూటీ మీద బయట తిరుగుతున్నావు. నీకు కొత్త రేడియో ఇచ్చారు కదా, గ్రాంటు రేడియో. డ్యూటీలో అదే తగిలించుకోవాలన్నారు. అందులో పట్నం పోలీసులు పలుకుతారు, మన ఊరు పలకదు. అందుకని నువ్వు మన పాతది కూడా ఇంకో భుజానికి వేలాడేసుకునేవాడివి. మక్సిం నిన్ను చూసి రెండు చెవుల గాడిద అని నవ్వేవాడు." ఒలింకా చెయ్యెత్తి గోడ మీది అలమర చూపించింది. దుమ్ము పట్టిన చేతి రేడియో ఒకటి అక్కడ ఉంది. "ఆ రోజు అది అక్కడ పెట్టి మర్చిపోయావు. ఆ రోజు పెట్టిందే. నేను కదపలేదు, మీ అమ్మని కదపనివ్వలేదు."

మార్లిస్ చెయ్యి తనకి తెలియకుండానే తన భుజం మీదికి పోయింది. అదే రకం గ్రాంటు రేడియో అక్కడ చల్లగా తగిలింది.

"ఇంటికొచ్చి టీ తాగావు. బూట్లు వేసుకున్నావు. కింది వంపు మీదుగా చేపల శిబిరానికి పోయొస్తానన్నావు. ఆ గుమ్మంలో నిలబడి ఏమైనా ఉందా అన్నావు. నేను అలమర వైపు చూశాను. రేడియో అక్కడే ఉండటం చూశాను. నీకు తెలీదని నాకు తెలుసు. నోరు తెరిస్తే నేనే ముందు మాట్లాడినట్టవుతుంది కదా, ఓడిపోయినట్టవుతుంది కదా. గిన్నె కడుగుతూ వీపు తిప్పుకున్నాను. కింది వంపు వైపు పోకు. ఇంతే అనాల్సింది. రానీ, సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. నువ్వు తలుపు మెల్లిగా వేసి పోయావు. అలిగినప్పుడల్లా తలుపు ధడేల్మని వేసేవాడివి, ఆ రోజు మాత్రం మెల్లిగా వేశావు."

చూరునుంచి మంచు కరిగి చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. మంచు విసురుతున్న గాలిలో ఒక మనిషి బండి మీద వెళుతూ, ముందు కొమ్మలు లేవు గనక గడ్డ గట్టిదే అనుకోవడం మార్లిస్‌కి కళ్ళకి కట్టింది. చిన్నప్పుడు నేర్చుకున్నది నమ్మాడు. నమ్మి పోయాడు.

"మీ అమ్మ నీకు తిండి పెట్టింది, బట్ట కప్పింది," అంది ఒలింకా. "నేను ఒక్క గుక్క నీళ్ళు ఇవ్వలేదు. ఏ మొహం పెట్టుకుని ఇస్తాను? నీళ్ళలోకి పంపినదాన్నే నేను. దాహంగా ఉందా?"

లేదని చెప్పాలనుకుంది మార్లిస్. "ఉంది," అంది.

ఒలింకా లేచి పీపాలోంచి గరిటెతో నీళ్ళు ముంచి తెచ్చింది. సగం దారిలోనే నేల మీద ఒలికిపోయాయి. మిగతా సగం మార్లిస్ తాగింది. అంత చల్లటి నీళ్ళు పళ్ళని జివ్వుమనిపించి, గొంతు దిగి, కడుపులోకి పోయాయి. చలికాలమంతా ఎన్ని నీళ్ళు తాగినా ఆరని మంట ఆ సగం గరిటెతో ఆరిపోయింది. ఆమెకి భయం వేసింది. ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏది ముందొచ్చిందో చెప్పడం కష్టం.

"ఒలింకా, ఆయన తరఫున నేను క్షమించలేను. ఆయన ఏమనేవాడో నాకు తెలీదు."

"ఏమనేవాడో నాకు తెలుసు. నవ్వేసి పోనీలే అనేవాడు. ఆ పోనీలే నాకక్కర్లేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. విన్నావా? అది చెప్పు చాలు."

మార్లిస్ నోరు తెరవబోయింది. ఆ నీళ్ళతో ఒళ్ళంతా చలి పట్టుకుంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఒలింకా అది చూసింది. "వేసుకో. చచ్చిపోతావు," అంది, అచ్చం పెళ్ళాం కసురుకున్నట్టు. మార్లిస్ పార్కా అంచు పట్టుకుని బల్ల మీదనుంచి లాగింది. తాళాలు జారాయి, టార్చీ దొర్లి కింద పడింది, దానితో పాటు మైకు బల్ల అంచునుంచి జారి తీగకి వేలాడుతూ ఊగింది.

అంతసేపూ రేడియో కూత కుయ్యలేదని ఇద్దరికీ అప్పుడు తట్టింది. పొద్దస్తమానం వాగే రేడియో!

మీకు చెప్పలేదు కదూ? ఆ మైకు మీట నొక్కి ఉన్నంతసేపు ఇటు మాట ఊరంతటికీ పోతుంది, అటునుంచి ఇంకెవరి మాటా రాదు. బొచ్చు పార్కా, దాని మీద తాళాలు, టార్చీ, వాళ్ళిద్దరి మోచేతులు, ఇంత బరువూ ఆ మీట మీదే ఉంది. ఒలింకా చెప్పుకున్నదంతా ప్రతి వంటింట్లోనూ వినిపించింది. నేనూ మా ఇంట్లో చేప కోస్తూ విన్నాను, కత్తి ఎప్పుడు కింద పెట్టానో తెలీదు. మాట పొల్లుపోకుండా ఇక్కడ రాయగలుగుతున్నానంటే అందుకే.

రేడియో గరగరలాడింది. ముందు మక్సిం గొంతు వచ్చింది. వేళాకోళం లేని మక్సిం గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఒలింకా... విన్నామమ్మా."

ఒలింకా మొహం తెల్లబడింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. రేడియో ఆగలేదు. ఈసారి పలికింది ఆమె వదిన, చేప ముక్క పంపడం మానేసిన వదినే.

"నేనూ విన్నాను, ఒలింకా. ఆ రోజు నది మీద నాకు ఎదురొచ్చాడు. చెయ్యి ఊపాను. కింది వంపుకి పోతున్నాడని చూశాను. తెలిసే ఉంటుంది, పోలీసు కదా అనుకున్నాను."

"మా దుకాణం ముందు పెట్రోలు పోయించుకున్నాడు," అన్నాడు దుకాణం ముసలాయన. "గాలి గురించి మాట్లాడుకున్నాం. నేనూ చెప్పలేదు. రేడియోలో వచ్చిన మాట మళ్ళీ చెప్పడమెందుకు అనుకున్నాను."

ఒకరి తర్వాత ఒకరు. ఊరంతా విన్నారు గనక ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఎవరింట్లో వాళ్ళు తలుపులేసుకుని, ఆ తప్పు తమ ఒక్కరిదే అనుకున్నారు. ఒలింకా నేల మీద కూలబడి, తల పైకెత్తి, ఆ గోడ వైపు చూస్తూ ఏడ్చింది. ఆమెని పట్టుకోవాలని మార్లిస్ వంగింది.

"తప్పుకోండి! చానెల్ వదలండి!"

అది ఎవాన్. ఆయన అంత గట్టిగా అరవడం ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఎప్పట్నుంచి మొత్తుకుంటున్నాను, ఎవరికీ వినపడదే! పై వంపులో ఉన్నాను, నా బండి నీళ్ళలో దిగబడింది. మైదానం దారిలో గుంట పెద్దదైంది. నీళ్ళు పైకొచ్చి కొమ్మలు కొట్టుకుపోయాయి. నేను పీకలేదు. విన్నారా, నేను పీకలేదు, నీళ్ళకి పోయాయి. ఒక్కటీ లేదక్కడ. మైదానం వైపు ఎవరూ పోకండి. విన్నారా?"

విన్నాం, విన్నాం, విన్నాం అని ఇళ్ళన్నీ పలికాయి. అందరూ మీటలు వదిలారు. ఎవాన్ మైకులోంచి గాలి హోరు మాత్రం వస్తోంది.

"అత్సాక్," అన్నాడు ఎవాన్. ఆ రోజు విడిగా పేరు పెట్టి అడగనందుకు ఆయన ఇప్పటికీ చర్చిలో వెనక బల్ల మీదే కూర్చుంటాడు. "అత్సాక్, విన్నావా?"

ఊరంతా ఎదురుచూసింది. ఎదురుగా మాట్లాడితే పలికిందేమో గానీ, మార్లిస్ ఆ పేరుకి రేడియోలో ఎప్పుడూ జవాబివ్వలేదు. ఒలింకా నేల మీదనుంచే చెయ్యి చాచి, ఊగుతున్న మైకు పట్టుకుని, ఆమె నోటి దగ్గరికి ఎత్తింది. మార్లిస్ ఆ మొహంలోకి చూసింది. మీట నొక్కింది.

"అత్సాక్‌ని. విన్నాను."

ఒలింకా కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత ఎవాన్ గొంతు వచ్చింది, ఈసారి అరుపు లేదు.

"నువ్వు విన్నావు, నాయనా. మీ అమ్మ వినలేదు. గ్రాంటాయన్ని బండి వెనక కట్టిన స్లెడ్డు మీద ఎక్కించుకుని ఇప్పుడే అవతలి ఒడ్డు దిగింది, ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. కొమ్మలేవీ లేవు కదా, తిన్నగా వస్తోంది."